తెగిన కాలు మల్ల మొలుస్తదా? స్పల్లంజాని అడిగిన ముచ్చట

బల్లి తోక తెగితే మల్ల మొలుస్తది. ఈ సంగతి మన ఊళ్లె బడికి పోని పోరగానికి గూడ ఎరుకే. మరి బల్లి కాలు తెగితే? రాదు. కోడి రెక్క తెగితే రాదు. మేక చెవి కోస్తే రాదు. మనిషి వేలు తెగితే అసలే రాదు. తోకకొక న్యాయం, కాలుకొక న్యాయం ఎందుకు? ఈ ముచ్చటను రెండు వందల యాభై ఏండ్ల కింద పట్టుకొని, కత్తెర చేతవట్టి, నెలల కొద్ది నీళ్ల గిన్నెల ముంగట కూసున్న ఒక ఇటలీ చర్చి ఫాదర్ ఉండె. పేరు లాజరో స్పల్లంజాని. ఇయ్యాల ఆయన గురించి చెప్త.

మన సైన్సు పుస్తకాలల్ల ఆయన పేరు వచ్చినా ఒక్క లైనే వస్తది. గింజలు ఉడకపెట్టిన నీళ్లను సీసల పోసి మూతి మూసిండు, అందుల పురుగు పుట్టలే అని. పరీక్షల ఒక మార్కుకు అది సరిపోతది. కానీ ఆ ఒక్క లైన్ కింద ఉన్న మనిషి చేసిన పనులు చదువుకుంట పోతే నాకు నిద్ర పట్టలే. కప్పలకు లాగులు కుట్టిండు. గుడ్డసంచిల మాంసం మూటగట్టి తనే మింగిండు. గబ్బిలాల కండ్లు తీసి చీకట్ల ఎగరేసిండు. ఇవన్ని పిచ్చోని పనుల లెక్క కొడ్తయి. కానీ ప్రతి దాని ఎనుక ఒక ప్రశ్న ఉంది. పెద్దలు చెప్పిన జవాబుతోని ఆగకుంట, చేసి చూసిన ఒక చెయ్యి ఉంది.

1729 జనవరిల ఉత్తర ఇటలీలోని స్కాందియానో అనే చిన్న పట్నంల పుట్టిండు. నాయిన వకీలు. కొడుకు గూడ వకీలే కావాల్నని బొలోన్యాకు లా చదువ తోలిండు. ఆడ వీళ్ల చుట్టపామె లౌరా బస్సి ఉండె. 1732లనే యూనివర్సిటీ పట్టా తీసుకొని ఫిజిక్సు పాఠాలు చెప్పినామె. యూరపుల ఆడోళ్లకు యూనివర్సిటీ గడపే లేని కాలమది. ఆమె దగ్గర లెక్కలు, ఫిజిక్సు రుచి చూసినంక స్పల్లంజానికి లా పుస్తకాలు చేదైనయి. పాదువాల పాఠాలు చెప్పే వల్లిస్నేరి అనే ప్రొఫెసర్ నాయినకు నచ్చజెప్తే, వకీలు చదువు పక్కకు పోయింది. తర్వాత ఫాదర్ గూడ అయిండు. ఆ కాలంల చదువుకున్నోనికి చర్చి అంటే బతుకుతెరువుకు ఆసరా. మొదలు రెజ్జోల, 1763 నుంచి మోదెనాల, 1769 నుంచి సచ్చేదాక పావియాల పాఠాలు చెప్పిండు.

ఆయన మొదటి పని వింటే మీకు నవ్వొస్తది. చెరువు కట్ట మీద నిలబడి చిల్లపెంక విసిరితే నీళ్ల మీద ఎగురుకుంట ఎగురుకుంట పోతది గదా. మనమందరం ఆడిన ఆటనే. అది ఎందుకు మునగదు, ఎందుకు ఎగురుతది అని 1765ల ఒక వ్యాసం రాసిండు. అందరు చూసేదాన్నే ఆయన గూడ చూసిండు, కాకపోతే ఆడ ఆగి అడిగిండు. నాకు గీ మనిషి మీద ఇష్టం మొదలైంది గిక్కడనే.

అదే ఏడాది సీసల పని గూడ అచ్చయింది. అప్పటి నమ్మకం ఏందంటే, కుళ్లిన దాంట్ల జీవం దానంతట అదే పుడుతదని. పేడల పురుగు, పాసిపోయిన గంజిల పురుగు ఎవరు కనకున్నా వస్తయని. నీడ్‌హామ్ అని ఇంకొక ఫాదర్ మాంసం రసం కాచి, బిరడా పెట్టి, కొన్నొద్దులకు సూక్ష్మజీవులు చూపెట్టిండు. పారిస్ పెద్దమనిషి బుఫోన్ ఆయన దిక్కు నిలబడ్డడు. స్పల్లంజానికి అనుమానం ఒక్కటే: బిరడా సందులకెల్లి గాలి పోతలేదా? కాసేపు కాస్తే అన్ని సస్తయా? సీస మూతిని మంట మీద కరగపెట్టి అతికిచ్చి, ఎక్కువసేపు మరగపెట్టిండు. ఏం పుట్టలే. మూతి పలగ్గొడితే పుట్టినయి. నీడ్‌హామ్ ఒప్పుకోలే. అంతసేపు కాస్తే రసంల ఉన్న జీవశక్తే సచ్చిందని వాదించిండు. ఆ కొట్లాట ఆళ్లిద్దరితోని తెగలే, ఇంకో వంద ఏండ్లకు ఫ్రాన్సుల పాశ్చర్ వచ్చి తెంపిండు.

సీసల సంగతి గింతతోని ఆపుత. అసలు ముచ్చట కాళ్ల గురించి.

ఆ పుస్తకం చదివి జెనీవా నుంచి షార్ల్ బొనే అనే ఆయన దోస్తు అయిండు. బొనే వానపాములను తుంటలు చేసి, ఏ తుంట మల్ల పూర్తి పాము అయితదో చూసినోడు. కానీ చూపు మందగించింది, కొత్త ప్రయోగాలు చేసుడు కష్టమైంది. ఆయన ఆలోచనలు పంపేది, స్పల్లంజాని చేసి చూసేది, ఉత్తరాలు అటు ఇటు తిరిగేది. అప్పటికే రియోమూర్ 1712ల రొయ్య జాతి జీవికి కాళ్లు మల్ల మొలుస్తయని రాసిండు. ట్రెంబ్లే 1744ల నీళ్లల్ల ఉండే హైడ్రాను ఎన్ని ముక్కలు చేస్తే అన్ని హైడ్రాలు అయితయని చూపెట్టి యూరపును నోరెళ్లబెట్టిచ్చిండు. కానీ అవన్ని ఎముక లేని జీవులు. రక్తం, ఎముక, నరం, కండ ఉన్న జీవికి, అంటే మన లెక్కటి జీవికి అట్లయితదా?

స్పల్లంజాని సాలమాండర్లను పట్టుకొచ్చిండు. మన దిక్కు ఇవి ఉండవు, హిమాలయాల తూర్పు కొసన ఒక జాతి ఉంటది. చూస్తే బల్లి లెక్కనే ఉంటది కానీ కప్పకు చుట్టం. తడి తోలు, నీళ్లల్ల గుడ్లు. వాటి కాళ్లు కోసిండు. తోక కోసిండు. దవడ కోసిండు. రోజూ చూసుకుంట రాసుకున్నడు.

కాలు మల్ల వచ్చింది. ఏదో మొండెం లెక్క కాదు. ముందటి కాలుకు నాలుగు వేళ్లు, ఎనుక కాలుకు ఐదు వేళ్లు, మునుపు ఎట్లుండెనో అట్లనే. ఎముకలు, కీళ్లు, నరాలు, రక్తనాళాలు అన్ని కుదురుగ. మోకాలు దగ్గర కోస్తే మోకాలు కింది భాగమే వచ్చింది. తొడ దగ్గర కోస్తే తొడ నుంచి వచ్చింది. ఎంత పోయిందో అంతే వస్తది, ఎక్కువ రాదు, తక్కువ రాదు. ఇది ఆలోచిస్తే నెత్తి తిరుగుతది. ఆ కోసిన మొద్దుకు ఏం పోయిందో ఎట్ల ఎరుక? ఒకే సాలమాండర్ కాళ్లు, తోక వరుసగ ఆరుసార్లు కోసిండు. ఆరుసార్లు వచ్చినయి. తర్వాత బొనే ఎనిమిదిసార్ల దాక పోయిండు. నూరేండ్ల తర్వాత డార్విన్ గూడ తన పుస్తకంల ఈ ఇద్దరి లెక్కను ఎత్తుకొని రాసిండు.

ఇంకొకటి చూసిండు, నాకు అన్నిటికంటె అదే ముఖ్యం. చిన్న సాలమాండర్‌కు జల్ది వస్తది, పెద్దదానికి మెల్లగ వస్తది. కప్పల సంగతి ఇంకా ఇచ్చంత్రం. తోకతోని నీళ్లల్ల ఈదే కప్పపిల్లకు తోక కోస్తే వస్తది, లేత కాలు కోస్తే వస్తది. అదే పిల్ల ఎదిగి గట్టు మీద బెకబెకమనే కప్ప అయినంక కాలు కోస్తే రాదు. జీవి అదే, రక్తం అదే. పసితనంల ఉన్న శక్తి ఎదిగినంక ఏడికి పోయింది?

1768ల ఇవన్ని ఒక చిన్న పుస్తకంల అచ్చేసిండు. దాని పేరుకు అర్థమే, రాబోయే పెద్ద పుస్తకానికి ముందుమాట అని. పుస్తకం ఆఖరుకు ఒక మాట అడిగిండు. ఈ నీటి జీవులకు సాధ్యమైంది మిగతా జీవులకు ఎందుకు కాదు, ఏదన్న ఉపాయంతోని వాటికీ ఆ శక్తి తెప్పియ్యొచ్చునా, మనుషులమైన మనకు గూడ అది వస్తదని ఆశపడుడు ఉత్త పిచ్చేనా అన్నట్టు. అయితదని చెప్పలే, కాదని చెప్పలే. అదే ఏడాది లండన్ రాయల్ సొసైటీ ఆయనను మెంబర్‌గ తీసుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం ఇంగ్లీషుల వచ్చింది.

కానీ యూరపు అంతట లొల్లి లేపింది సాలమాండర్ కాదు, నత్త. నత్త తలకాయ కోస్తే మల్ల తలకాయ వస్తదని ఆ పుస్తకంల ఉంది. ఇగ చూడున్రి, కత్తెర ఉన్నోడల్లా తోటల్లకు ఉరికిండు. డెబ్బై దాటిన వోల్టేర్ గూడ తన తోటల నత్తల తలలు కోసి కూసున్నడు, దాని మీద ఎకసెక్కం చేసుకుంట రాసిండు గూడ. కొందరికి తలలు వచ్చినయి, శానమందికి నత్తలు సచ్చినయి. స్పల్లంజాని అబద్ధం చెప్పిండని పారిసుల గుసగుసలు మొదలైనయి. ఆయన వందల నత్తల మీద మల్ల మల్ల చేసి చూసిండు, ఏండ్ల తర్వాత తన లెక్కలతోని జవాబు రాసిండు. ఇప్పుడు తెలిసిందేందంటే, కోత ఏడ పడ్డదన్నదే అసలు కిటుకు. మెదడు లెక్క పనిచేసే నరాల ముడి ఎనుక మిగిలితే తల మల్ల వస్తది. అది గూడ కోతల పోతే నత్త పోతది. ఇద్దరు చెప్పింది నిజమే, కోసిన జాగలు వేరు.

గిక్కడ ఒక సొంత ముచ్చట చెప్పాలె. మా చిన్నాయినకు బర్లకు గడ్డి కోసే మిషన్ల కుడిచేతివి మూడు వేళ్లు పోయినయి. దవాఖానల కుట్లేసి పంపిన్రు. ఆరు నెలలకు, పక్క మండలంల ఒకాయన దగ్గర ఏదో నూనె ఉందని, రాస్తే నరాలు పట్టుకొని వేలు సాగుతదని ఎవరో చెప్పిన్రు. పదిహేను వేలు పోయినయి. వేలు రాలే. ఆ నూనె అమ్మినాయన బల్లి తోక ఉదాహరణే చెప్పిండట. తోక రాదా, వేలు ఎందుకు రాదు అని. ప్రశ్న స్పల్లంజానిదే, కానీ ఒకరు దాన్ని పట్టుకొని వందల జీవుల మీద లెక్క తీసిండు, ఇంకొకరు పదిహేను వేలు తీసిండు.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్న, ఊళ్లె మిషన్ల దగ్గర పనిచేసే తమ్ముళ్లు గుర్తు పెట్టుకోన్రి. వేలు తెగితే తెగిన ముక్కను శుభ్రమైన తడి గుడ్డల చుట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, ఆ కవర్‌ను మంచుగడ్డల మీద పెట్టాలె. వేలును డైరెక్టుగ మంచుల పెట్టొద్దు. గంటలల్ల పెద్ద దవాఖానకు పోతే అతికిచ్చే అవకాశం ఉంటది. మొలవదు గని, అతుకుతది.

మల్ల మన ఫాదర్ దగ్గరికి వద్దాం. కాలు మల్ల ఏడికెల్లి వస్తదన్న ప్రశ్న, పిల్ల మొదలు ఏడికెల్లి వస్తదన్న ప్రశ్న ఒక్కటే అని ఆయనకు ఎరుకైంది. అప్పటి పెద్దల నమ్మకం ఏందంటే, ఆడదాని గుడ్డుల బుల్లి జీవి ముందే తయారై ఉంటదని, మగదాని రసం దాన్ని లేపుతదంతే అని. బొనే గట్ల నమ్మిండు, స్పల్లంజాని గూడ అదే దిక్కు. సాలమాండర్ కాలుకు గూడ బొనే అదే చెప్పిండు. కాలు కాలుకు లోపట దాగిన బీజాలు ఉంటయట, కోస్తే లేస్తయట. మరి ఆరుసార్లు కోస్తే ఆరు బీజాలా? మోకాలు కాడ కోస్తే సగం బీజమా? నాకైతే ఇది వడ్లు ఎన్నని లెక్క చెప్పమంటే బస్తా చూపెట్టినట్టు ఉంది. స్పల్లంజాని కండ్లు చూసిందొకటి, మనసు నమ్మిందొకటి. ఆ రెండింటి నడుమ ఆయన బతుకంత నలిగిండు.

కప్పల లాగులు గిక్కడ వస్తయి. ఆడకప్ప గుడ్లు పెడుతుంటే మగకప్ప వీపు మీద పట్టుకొని ఉంటది. ఆ మగకప్పకు సన్నటి గుడ్డతోని లాగు కుట్టి తొడిగిండు. ఆ ఆలోచన రియోమూర్‌ది, కానీ నడిపిచ్చి చూపెట్టింది ఈయన. లాగు తొడిగినప్పుడు ఒక్క గుడ్డు పిల్ల కాలే. లాగుల పడ్డ రసం చుక్కను గుడ్లకు అంటిస్తే పిల్లలైనయి. తర్వాత ఒక ఆడకుక్కను గదిల తాళమేసి, తాళంచెవి తన దగ్గరనే ఉంచుకొని, ఎదకు వచ్చినప్పుడు వెచ్చటి సిరంజితోని మగకుక్క వీర్యం ఎక్కిచ్చిండు. 62 రోజులకు మూడు పిల్లలు పెట్టింది, రెండు మగవి ఒకటి ఆడది. మగకుక్క జాడ దగ్గరకు రాకుంట పుట్టిన పిల్లలు. మన ఊళ్లల్ల గోపాలమిత్ర వచ్చి బర్రెకు సూది వేస్తడు గదా, ఆ తొవ్వల మొదటి అడుగుల్ల ఈ కుక్క ఒకటి.

ఆ రసాన్ని కాగితంల వడగట్టి గూడ చూసిండు. వడిసిన నీళ్లతోని గుడ్లు పిల్లలు కాలే. కాగితం మీద మిగిలిన దాంతోని అయినయి. అంటే పని చేసేది ఆ కాగితం మీద ఆగిన వీర్యకణాలే. జవాబు అరచేతిల పడ్డది. కానీ ఆయన ఒప్పుకోలే. గుడ్డుల ముందే పిల్ల ఉంటదన్న నమ్మకం అడ్డం వచ్చింది, వీర్యకణాలు ఉత్త పురుగులే అనుకున్నడు. ఎదుటోని సీసలకు సందులు వెతికిన మనిషికి తన కాగితం కనపడలే. దీన్ని దాచిపెట్టి ఆయనను గొప్పోడు అనాల్సిన పని లేదు. లెక్కలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టిండు కాబట్టే తర్వాత వచ్చినోళ్లు ఆ లెక్కల నుంచే అసలు జవాబు చదువుకున్నరు.

గుడ్డుల పెరిగే కోడిపిల్ల మీద గూడ అంతే ఓపికతోని కూసున్నడు. పొదిగే గుడ్డు పెంకు తీసి, భూతద్దం కింద పెట్టి, ఇంకా పుట్టని పిల్ల గుండె కొట్టుకునుడు, రక్తం ధమనులకెల్లి వెంట్రుకంత సన్నటి నాళాలల్ల పడి సిరలల్లకు మళ్లుడు చూసిండు. వెచ్చటి రక్తం ఉన్న జీవిల ఆ తొవ్వను కండ్లతోని చూసినోళ్లల్ల ఆయన మొదటోడు. అది 1771 ముచ్చట.

పొట్టల తిండి ఎట్ల అరుగుతదన్నది ఇంకొక కొట్లాట. కొందరు పొట్ట తిండిని నలుగగొడ్తదన్నరు, కొందరు కుళ్లిపోతదన్నరు. స్పల్లంజాని గుడ్డసంచులల్ల, కర్ర గొట్టాలల్ల రొట్టె, మాంసం పెట్టి తనే మింగిండు. బయటికి వచ్చినంక తెరిచి చూస్తే మాంసం కరిగింది, గొట్టం నలగలే. పొట్టల రసం కావాల్నని పరగడుపున కక్కిండు. ఆ రసాన్ని గాజు గొట్టంల మాంసంతోని పోసి, ఒంటి వేడి తగలాలని చంకల పెట్టుకొని తిరిగిండు. రసమే మాంసాన్ని కరిగిస్తదని తేల్చిండు.

జీవులను ఇంతగనం హింస పెట్టుడు నాకు నచ్చదు. ముఖ్యంగ గబ్బిలాల పని చదివినప్పుడు కడుపుల దేవినట్టయింది. 1793ల గుడ్లగూబ కటిక చీకట్ల గోడకు గుద్దుకుంటుంటే, గబ్బిలం మాత్రం గుద్దుకోకుంట తిరుగుడు చూసిండు. ఇంటి కప్పుకు సన్నటి దారాలు వేలాడదీసిండు. కండ్లు తీసేసిన గబ్బిలాలు గూడ దారాలను తప్పించుకొని ఎగిరినయి. వాటిని పావియా చర్చి గంటల గోపురంల ఇడిసిపెట్టి, మల్ల పట్టుకొని పొట్టలు కోసి చూస్తే, కండ్లున్న గబ్బిలాల లెక్కనే పురుగులతోని నిండి ఉన్నయి. జెనీవాల జురీన్ అనే డాక్టర్ చెవులు మూసి చూస్తే అవి గుద్దుకొని పడ్డయి. చెవులతోని చూస్తయన్న మాట నమ్మేటోడు లేకుండె, ఎగతాళి చేసిన్రు. మనిషి చెవికి అందని సప్పుడుతోని గబ్బిలం తొవ్వ వెతుక్కుంటదని తేలింది 1938 తర్వాత, అమెరికాల గ్రిఫిన్ అనే ఆయన మిషన్ పెట్టి విన్నంక. అంటే నూట నలభై ఏండ్లకు పైన ఆ కాగితం అట్లనే పడి ఉంది.

ఇంత పేరొచ్చినంక ఓర్వలేనోళ్లు గూడ తయారైతరు గదా. 1785ల కాన్‌స్టాంటినోపుల్‌కు, అదే ఇప్పటి ఇస్తాంబుల్‌కు, పోయి తిరిగొచ్చేసరికి యూనివర్సిటీల ఆయన మీద దొంగతనం నింద తయారుగ ఉంది. పావియా మ్యూజియం వస్తువులను ఊళ్లె తన ఇంటికి తరలిచ్చిండని. నింద వేసినోళ్లల్ల తోటి ప్రొఫెసర్లు స్కార్పా, స్కోపోలి గూడ ఉన్నరు. విచారణ నడిచింది, నిర్దోషి అని చక్రవర్తి దగ్గరినుంచే హుకుం వచ్చింది. ఇగ తర్వాత ఈయన పగ తీర్చుకున్న ముచ్చట చెప్తరు. కోడి మెడల ఉండే గొట్టాలను అతికిచ్చి, కొత్త రకం పేగు పురుగు అని సీసల పెట్టి స్కోపోలికి అందేటట్టు చేసిండట. స్కోపోలి దానికి పేరు పెట్టి, బొమ్మ వేసి, పుస్తకంల అచ్చేసిండు. ఊరంత నవ్వింది. చదువుకు నవ్వొస్తది గని, స్కోపోలి గూడ కష్టజీవే, ఆ పగ జెర ఎక్కువైందనిపిస్తది.

1788ల అగ్నిపర్వతాల మీదికి ఎక్కిండు. ఎట్నా నోటి అంచున పొగకు సొమ్మసిల్లి పడి, లేచి మల్ల రాసుకున్నడు. అప్పటికి అరవై ఏండ్లు దగ్గర పడ్డయి. ఇంటికాడ చెల్లె మరియాన్నా ఆయన దెచ్చిన రాళ్లు, గవ్వలు, జీవులను చూసుకునేది, వాటి సంగతి ఆమెకు బాగ ఎరుక. ఆఖరు ఏండ్లల్ల ఊపిరి మీద పడ్డడు. ఊపిరితిత్తులల్లనే కాదు, తోలు, కండ, ప్రతి భాగం గాలిల మంచి భాగాన్ని తీసుకొని బొగ్గుగాలి ఇడుస్తదని చూసిండు. ఆ కాగితాలు అచ్చయ్యేదాక బతకలే. 1799 ఫిబ్రవరిల పావియాల పోయిండు. మూత్రసంచి జబ్బు శాన రోజులు బాధపెట్టింది. ఆ సంచిని తీసి సీసల పెట్టిన్రు, ఇప్పటికీ పావియా యూనివర్సిటీ మ్యూజియంల ఉంది. జీవమంత జీవులను సీసలల్ల పెట్టిన మనిషి, ఆఖరుకు తనల ఒక ముక్క గూడ సీసల చేరింది.

మరి ఆ కాలు ప్రశ్న ఏమైంది? 1823ల టాడ్ అనే ఇంగ్లీషు డాక్టర్ సాలమాండర్ కాలు నరం తెంపి చూస్తే కాలు మల్ల రాలే. నరం కావాల్నన్న మాట అప్పటి సంది మొదలైంది. 1940లల, 50లల అమెరికాల మార్కస్ సింగర్ ఎంత నరం ఉంటే కాలు వస్తదో లెక్కలు కట్టిండు. ఇప్పుడు తెలిసిన దాని ప్రకారం, సాలమాండర్ పుండు మీద పల్చటి తోలు జల్ది కప్పుకుంటది, దాని కింద కణాలు మొగ్గ లెక్క గుంపు కూడుతయి, ఆ మొగ్గనే కాలు అయితది. ఆ కణాలు తమ మూలం మర్చిపోవు. కండ కణం కండకే, ఎముక దిక్కు కణం ఎముకకే పోతదని 2009ల చూపెట్టిన్రు. దాగిన బీజం ముచ్చట అట్ల పోయింది. మనకైతే పుండు పడ్డ జాగల మచ్చ కడ్తది, ఆడికే ఆగుతది.

ఆయన పట్టుకున్న పసితనం కొస మాత్రం ఇంకా తెగలే. 1974ల ఇంగ్లండు షెఫీల్డుల ఇల్లింగ్‌వర్త్ అనే డాక్టరమ్మ, చిన్నపిల్లల వేలి కొస తెగితే కుట్లు వేయకుంట కట్టు కట్టి ఇడిస్తే, ఆ కొస మల్ల నిండుకుంటదని రాసింది. గోరు దగ్గరి కొస మాత్రమే, వేలు మొత్తం కాదు. 2011ల అమెరికాల డల్లాస్‌ల ఒకరోజు ఎలుకపిల్ల గుండె కొస కోసి చూసిన్రు. మూడు వారాలల్ల గుండె మల్ల పూర్తయింది, మచ్చ లేదు. అదే పని ఏడు రోజుల పిల్లకు చేస్తే రాలే, మచ్చ కట్టింది. పుట్టిన ఒకరోజుకు, వారానికి నడుమ ఆ తలుపు మూసుకపోతది. తోకతోని ఈదే కప్పపిల్లకు, గట్టు మీది కప్పకు నడుమ మూసుకపోయిన తలుపు లెక్కనే.

స్పల్లంజాని జమ చేసిన రాళ్లు, జీవులు ఇప్పుడు రెజ్జో పట్నం మ్యూజియంల ఉన్నయి. చేతిరాత కాగితాలు అదే పట్నం లైబ్రరీల ఉన్నయి. తెగిన కాళ్ల మీద రాస్తనన్న ఆ పెద్ద పుస్తకం మాత్రం ఆయన ఎన్నడూ అచ్చెయ్యలే.